పరదేశి పగటి నిద్ర

నర్సీపట్నంలో తెల్లవారుజామున కొయ్యూరు బస్సు కదిలేటప్పుడు దాని టాపు మీద రొట్టెల బుట్టలు ఉండేవి. కొండ మీద టీ దుకాణాలన్నీ ఆ బుట్టల కోసం ఎదురుచూసేవి. బన్ను ముంచుకోకపోతే అక్కడ ఎవరికీ టీ దిగదు. ఆ బుట్టలు పైకి ఎక్కించి, తాడు బిగించి, కండక్టరు చేతిలో ఒక వేడి బన్ను పెట్టి, ఒంటి మీద మైదా దులుపుకుంటూ ఇంటిదారి పట్టే మనిషి పరదేశి. ఊరంతా వేపపుల్లలు నములుతూ ఎదురొస్తుంటే అతను నిద్రకి బయల్దేరేవాడు.

"ఏటి పరదేశీ, తెల్లారిందా?" అని టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు రోజూ అడిగేవారు.

"మీకు తెల్లారింది బావా, నాకు పొద్దుగూకింది" అనేవాడు.

నవ్వుతూనే అనేవాడు గానీ, ఆ మాట నవ్వుతూ అనగలగడానికి అతనికి చాలా కాలం పట్టింది.

పరదేశి పుట్టింది కృష్ణదేవిపేట దగ్గర ఒక పల్లెలో. వాళ్ళది కోళ్ళతో పడుకుని కోళ్ళతో లేచే వంశం. దీపం ఆర్పాక మెలకువగా ఉన్నవాడు దొంగైనా అయి ఉండాలి, దెయ్యమైనా అయి ఉండాలని అతని తండ్రి అనేవాడు. తండ్రి పోయాక పరదేశి కౌలుకి వరి చేశాడు. పొలం గలాయన పొలం అమ్మేసుకున్నాడు. కొన్నవాళ్ళు జీడిమొక్కలు వేసుకున్నారు. జీడితోటకి కౌలుదారుతో పనేముంది? తల్లి అచ్చియమ్మనీ, కడుపుతో ఉన్న పెళ్ళాం దుర్గనీ వెంటబెట్టుకుని నర్సీపట్నం వచ్చేశాడు. బలిఘట్టం వెళ్ళే దారిలో పెంకుటిళ్ళ వరసలో ఒక గది దొరికింది. రాజాబాబు బేకరీలో పని దొరికింది. అది తొంభై రెండో సంవత్సరం.

బేకరీ పనంటే రాత్రి పనే. మైదా కలిపి, పొంగనిచ్చి, ఉండలు చేసి రేకుల్లో పేర్చి, జీడికట్టెల మంట మీద కాలిన బట్టీలోకి పొడవాటి కర్రతో తోసి, వేళకి బయటికి లాగాలి. మొదటి బస్సుకి రొట్టె వేడిగా అందాలి. అది కూడా రోజూ ఒకేలా ఉంటే బాగుండును. కొండ మీద సంత పడిందంటే ముందురోజు మధ్యాహ్నమే కబురొచ్చేది. పెళ్ళిళ్ళ కాలంలో ఒక రాత్రి, ఒక పగలు, మళ్ళీ రాత్రి ఏకంగా నిలబడాలి. వానలకి ఘాట్ రోడ్డు మూసేస్తే, వచ్చినవాణ్ణి వచ్చినట్టే ఇంటికి పొమ్మనేవారు. నిద్ర అనేది అతనికి పొలంలో నీటివంతు లాంటిదైపోయింది. వచ్చిన గడియలో పట్టుకోవాలి, లేకపోతే పక్కవాడి మడికి పోతుంది.

పోయేది. మొదటి ఏడాదంతా పోయింది. ఇంటికొచ్చి వాలితే పెంకుల సందుల్లోంచి ఎండ సూదుల్లా గుచ్చేది. ఈగలు మూతి మీద వాలేవి. తడిగోనె కిటికీకి కట్టాడు. తువ్వాలు కళ్ళకి చుట్టుకున్నాడు. కళ్ళు మూసుకోగలిగాడు గానీ, చెవులకి రెప్పలు లేవు కదా. ఉప్పమ్మేవాడు, పాత ఇనుము కొనేవాడు, ఐస్‌ఫ్రూటు గంట, పక్కింటివాళ్ళ రోలు, వీధికుళాయి దగ్గర తగాదా. అన్నీ నేరుగా వచ్చి అతని మంచం మీదే కూర్చునేవి.

ఒకనాడు బట్టీ ముందు నిలబడే తూగాడు. రస్కులు బొగ్గులైపోయాయి. రాజాబాబు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పరదేశీ, కాలినవి రస్కులు కాబట్టి సరిపోనాది. రేపు నువ్వే బట్టీలోకి తూలితే నీ పెళ్ళానికి నానేటి సెప్పాలి? పగలు తొంగోవడం నేర్సుకో. రాదంటావా, పగటి పనేదో సూసుకో."

పగటి పని రోజూ దొరికే ఊరా అది. పరదేశి ఇంటికొచ్చి ఆ మాట పెళ్ళాంతో మెల్లగా చెప్పాడు. గుమ్మంలో చింతపండు పిక్కలు తీస్తున్న అచ్చియమ్మ విన్నది. మర్నాటి నుంచి కొడుకు నిద్రకి కావలి కూర్చుంది.

ముందు ఇంట్లో ఉన్న ఒక్క పుంజునీ అమ్మేసింది. కూసే నోరు ఇంట్లో ఉండకూడదంది. తమ రోలుని వరస చివరింటికి దొర్లించింది. గిన్నెలు కుళాయి దగ్గరే తోమి, మధ్యలో గుడ్డలు పెట్టి తెమ్మని కోడలికి చెప్పింది. దుర్గ గాజులు కూడా ముంజేతి పైకి ఎక్కించుకుని రుమాలు చుట్టుకునేది. ఇంటివాళ్ళు ఇలా లొంగారు. వీధి లొంగలేదు. అందులోనూ చేపల అప్పయ్యమ్మ అసలు లొంగలేదు. సముద్రపు ఒడ్డు ఊరి నుంచి బస్సులో కవళ్ళు, కానాగంతల చేపల గంప వేసుకుని వచ్చే మనిషి. ఆమె ఈ వీధిలో కేకేస్తే ఆ వీధిలో పిల్లులు లేచేవి.

"ఒలే అప్పయ్యమ్మా, నా కొడుకు తొంగున్నాడే. నోరు మూసుకెల్లు."

"పట్టపగలు తొంగునేది నీ కొడుకా, గబ్బిలమా? నాను నోరు మూసుకుంటే నా సేపలెవులు కొంతారు, నీ కోడలా?"

"నా కోడలి జోలికి రాకు."

"వొస్తానేటి? కవళ్ళు నాలుగు కొనమను, నోరు మూసుకుంతాను."

ఈ తగువుకే పరదేశి లేచి కూర్చునేవాడు.

ఒకరోజు ఇంటికొచ్చేసరికి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. అప్పటికి కూతురు ఝాన్సీ నెలల పిల్ల. మన వైపు గుమ్మానికి వేపమండ కట్టారంటే ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. ఆ గుమ్మం ఎవరూ తొక్కరు. ఆ ఇంటి ముందు గట్టిగా మాట్లాడరు. అమ్ముకునేవాళ్ళు కేక వేయకుండా దాటిపోతారు. పరదేశి పరుగున లోపలికెళ్ళి చూస్తే పిల్ల శుభ్రంగా పాలు తాగుతోంది.

"అమ్మా, ఎవులికే?"

"ఉష్. ఎవులికీ ఏటీ అవలేదు. ఎల్లి తొంగో."

అతనికి విషయం అర్థమైంది. "అమ్మోరితో ఆటలేటే?"

"ఆటలు కావురా. నాను సెప్పుకున్నాను. తల్లీ, మా ఇంటికి నువ్వు రాకు, నీ మండ ఒకటీ అప్పియ్యి, నా కొడుకు నిద్దర కోసం అన్నాను. ఆదివారం ఆదివారం సల్దీ మజ్జిగా పెడతానన్నాను. ఒప్పుకున్నాది."

"ఒప్పుకున్నాదని నీకెలగ తెలుసు?"

"ఒప్పుకోపోతే సెప్పదేటి?"

పరదేశి మంచం మీద వాలాడు. ఆ రోజు వీధి నోరు కట్టేసినట్టయింది. అప్పయ్యమ్మ కూడా గంప మీద చెయ్యి వేసి, లెంపలు వేసుకుని, చెప్పుల చప్పుడు కూడా లేకుండా వెళ్ళిపోయిందట. పరదేశి సాయంత్రం దాకా రాయిలా పడుకున్నాడు. లేచాక తన ఒళ్ళు తనకే కొత్తగా ఉంది. రాజాబాబుకి మాత్రం ఉన్న సంగతి చెప్పుకున్నాడు, లేకపోతే అమ్మవారున్న ఇంటి మనిషిని పిండి ముట్టుకోనివ్వడు కదా. రాజాబాబు పడీపడీ నవ్వాడు. "మీ అమ్మని మన బేకరీకి మేనేజరుగా పెట్టుకుందునేటి" అన్నాడు.

అలా ఏళ్ళు గడిచాయి. మండలు ఎండితే అచ్చియమ్మ కొత్తవి కట్టేది. ఊరంతటికీ పగలైతే ఆ ఇంటికి నడిరాత్రి.

ఝాన్సీలక్ష్మి ఆ నడిరాత్రిలోనే పెరిగింది. ఏడుపు మొదలైతే నానమ్మ చంకనేసుకుని వరస చివరికి పరిగెత్తేది. అమ్మ అనడానికి ముందే ఆ పిల్ల పెదాల మీద వేలు పెట్టుకోవడం నేర్చుకుంది. నడక వచ్చాక మునివేళ్ళ మీద నడిచింది. పరదేశికి ఒక్కోసారి సగం మెలకువ వచ్చేది. కళ్ళు కొంచెం తెరిస్తే మంచం పట్టెకి గడ్డం ఆనించి తననే చూస్తున్న చిన్న మొహం కనిపించేది. చెయ్యి చాపితే ఆ పిల్ల వేలు పెదాల మీద పెట్టుకుని, తప్పు చేసినదానిలా వెనక్కి వెనక్కి వెళ్ళిపోయేది. అప్పట్లో అది అతనికి ఎంత ముద్దుగా ఉండేదో. సాయంత్రం లేచాక ఒళ్ళో కూర్చుని చెవిలో ఊసులు చెప్పేది. తోకతెగిన బల్లి గురించి, కుళాయి దగ్గర జారిపడ్డ చివరింటావిడ గురించి. ఆ గుసగుస అతని చెవికి బన్ను కంటే మెత్తగా తగిలేది. పిల్లలందరూ తండ్రి చెవిలోనే మాట్లాడతారనుకున్నాడు. దానికి ఉన్న గొంతంతా అదేనని అతనికి తోచలేదు.

బళ్ళో వేశారు. కొన్నాళ్ళకి అనురాధ టీచరు కబురంపింది. బుట్టలు బస్సెక్కించి, నిద్రకళ్ళతోనే పరదేశి బడికి వెళ్ళాడు. టీచరు వరండాలోకి వచ్చింది.

"పాపకి గొంతులో ఏదైనా బాధ ఉందాండీ?"

"లేదండీ. ఏటయింది?"

"అన్నీ వచ్చు. పలక మీద చక్కగా రాస్తుంది. చదవమంటే మాత్రం పెదాలు కదుపుతుంది, మాట బయటికి రాదు. పిల్లలు మూగమ్మ అంటున్నారు." టీచరు కొంచెం ఆగింది. "ఇంకో సంగతి. పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. మీ గుమ్మానికి ఎప్పుడూ వేపమండ ఉంటుందట కదా. తల్లులు భయపడుతున్నారు. ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

"అందరికీ బాగుందండీ" అన్నాడు పరదేశి. కిటికీలోంచి చూశాడు. బల్ల చివర, ఇద్దరు పట్టేంత ఖాళీ పక్కన, ఝాన్సీ కూర్చుని ఉంది. తండ్రిని చూసి నవ్వి, వేలు పెదాల మీద పెట్టుకుంది.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు నోట్లో టార్చి వేసి చూసి గొంతు బాగానే ఉందన్నాడు. బాగుంటే మాటేది? అచ్చియమ్మ వసకొమ్ము తెచ్చి, తేనెతో అరగదీసి రోజూ నాలిక మీద రాసింది. మాటలు రాని పిల్లలకి వస పోస్తే గలగలా మాట్లాడతారని పెద్దల మాట. ఝాన్సీ మొహం వంకరగా పెట్టి "సేదు" అనేది, గుసగుసగా. ఆ సానరాయి మీద కూడా ముసలమ్మ చప్పుడు కాకుండా అరగదీసేది, కొడుకు పడుకున్నాడని.

ఎన్నాళ్ళు రాసినా మాట పెరగలేదు. ఒక సాయంత్రం పరదేశి లేచేసరికి తల్లి గోడకి చేరబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"అమ్మోరేరా" అంది. "నాను మండ అప్పడిగాను కదా, ఊరికే ఇస్తాదేటి? ఒడ్డీ కింద మన ఝాన్సీ గుంట గొంతు అట్టుకెల్లిపోనాది. నీ నిద్దర కొని దాని మాట అమ్మీసినాను."

"ఊరుకో అమ్మా. సల్దీ మజ్జిగా పెడుతూనే ఉన్నావు కదా."

"మజ్జిగ మరీ నీల్లగైపోనాదేమో" అని ముసలమ్మ ఇంకా ఏడ్చింది.

పరదేశి నవ్వలేకపోయాడు. ఆ రోజు నుంచి నిశ్శబ్దం ఉంది గానీ నిద్ర లేదు. పడుకుంటే టీచరు మాట చెవిలో మోగేది. పెదాలు కదులుతాయి, మాట బయటికి రాదు. పిల్ల పెద్దదైతే ఎలా? దారిలో పాము కనబడితే కేక ఎలా వేస్తుంది? ఎవరైనా చెయ్యి పట్టుకుంటే? ఎవరూ పక్కన కూర్చోని పిల్ల ఎక్కడికని పోతుంది? అతను అటు తిరిగి పడుకునేవాడు, ఇటు తిరిగి పడుకునేవాడు. బట్టీ దగ్గర అతని పక్కన పనిచేసే జోగులు, "నీ ఎర్రకళ్ళు సూత్తే కట్టెలక్కర్లేదురా, రేకులు నీ మొగం ముందెడితే కాల్తాయి" అన్నాడు.

ఒక ఆదివారం ఎండ ఎక్కాక కూడా కన్ను మూతపడలేదు. నెత్తి మీద నాలుగు చెంబులు పోసుకుంటే పడుతుందేమోనని తువ్వాలు వేసుకుని వరాహ నదికి వెళ్ళాడు. నీళ్ళు పాయలుగా ఉన్నాయి. మునిగి లేస్తుంటే మొగలిపొదల అవతల నుంచి కేక వినబడింది.

"సేపలమ్మో సేపలూ... కానాగంతలమ్మో... కవళ్ళమ్మో..."

అప్పయ్యమ్మ రాగమే. అప్పయ్యమ్మ సాగదీతే. గొంతు మాత్రం చిన్నది. చిన్నదైనా నది అవతలి గట్టుకి తగిలి తిరిగొస్తోంది. అప్పయ్యమ్మ మనవరాల్ని తెచ్చుకుందేమో, ఎంత గొంతు ఆ పిల్లది, నా కూతురికి అందులో వీసం ఉంటే చాలదా అనుకున్నాడు పరదేశి. ఆ ఈర్ష్యతోనే రెండడుగులు వేసి పొదల సందులోంచి చూశాడు.

ఇసకలో ఝాన్సీ నడుస్తోంది. నెత్తి మీద విరిగిన తట్ట, తట్టలో మోదుగాకులు. ఎదురుగా బట్టలుతికేవాళ్ళ పిల్లలు ఇద్దరు కొనేవాళ్ళయి కూర్చున్నారు.

"ఎలగమ్మా కవళ్ళు?" అంది ఒక పిల్ల.

"నీ మొగానికి కవళ్ళేటే? కొనే మొగవేనా అది? నిన్నటివి కావు, పొద్దున పడ్డవి. ముట్టుకో. ముట్టుకుని సూడు."

"కంపు కొడతన్నాయి."

"నీ ముక్కే కంపు. ఎల్లెల్లు. పట్టపగలు తొంగునేవోలు నా సేపలేటి కొంతారు."

పిల్లలు పడీపడీ నవ్వారు. ఝాన్సీ నడుం మీద చెయ్యి వేసుకుని, తల ఎత్తి, మళ్ళీ కేక అందుకుంది. పరదేశి నీళ్ళోడుతూ అక్కడే చతికిలబడిపోయాడు. నవ్వొచ్చింది. నవ్వుతో పాటు కళ్ళమ్మట నీళ్ళూ వచ్చాయి. గొంతు ఎవరూ ఎత్తుకుపోలేదు. ఇక్కడే ఉంది, ఇంటికి ఇంత దూరంలో, పొదల అవతల. పిల్ల ఆడుకోవడానికి వెళ్ళిందని ఇంట్లో అనుకుంటే, పిల్ల అరుచుకోవడానికి వచ్చింది.

ఆగలేక పొద దాటి ముందుకొచ్చాడు. "ఝాన్సీ" అన్నాడు.

పిల్ల తిరిగి చూసింది. మొహంలో నవ్వు అలాగే ఉంది, గొంతు మాత్రం తలుపేసుకున్నట్టు ఆగిపోయింది. తట్ట మెల్లగా దించింది, చప్పుడు కాకుండా. వేలు పెదాల మీద పెట్టుకుని పక్క పిల్లల వైపు తిరిగింది.

"ఉష్" అంది గుసగుసగా. "మా నాన్న."

అతను పడుకుని లేడు. పట్టపగలు, ఎండలో, తడిలుంగీతో నిలబడి ఉన్నాడు. అయినా ఆ పిల్లకి నాన్నంటే ఉష్. కాలిన రేకు ఎన్నోసార్లు చేతికి తగిలింది గానీ అలా ఎప్పుడూ మండలేదు.

భుజాల మీద ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాడు. దారిలో అడిగాడు. "అలగ ఇంటికాడ అరుస్తావా?"

పిల్ల చెవి దగ్గరకి వంగింది. "నువ్వు తొంగున్నప్పుడా?"

"తొంగున్నప్పుడే."

"నానమ్మ కొట్టేత్తాది."

"నానమ్మకి నాను సెప్తాను."

ఇంటికొచ్చి వేపమండలు తెంపబోయాడు. అచ్చియమ్మ అడ్డం నిలబడింది. విషయమంతా చెప్పాడు. పిల్ల గొంతు అమ్మవారి దగ్గర లేదనీ, ఏటిగట్టున ఉందనీ విని ముసలమ్మ ముందు ఆకాశానికి దణ్ణం పెట్టింది, తర్వాత మళ్ళీ కొడుకు వైపు తిరిగింది.

"మరి నీ నిద్దరో?"

"నాను సూసుకుంతాను."

"ఏటి సూసుకుంతావురా? బట్టీలో పడతావు. పని పోతాది. అప్పుడు దీనికి గొంతుండి, కూడు లేకండా..."

"అత్తా" అంది దుర్గ. అంత గట్టిగా ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ మాట్లాడి ఉండలేదు. "తీసీమను."

ముసలమ్మే మండలు విప్పి, తీసుకెళ్ళి వేపచెట్టు మొదట్లో పెట్టింది. పానకం పోసింది. అప్పు తీరిపోయిందని మూడుసార్లు చెప్పి వచ్చింది.

పరదేశి సాయంత్రం బేకరీకి ముందుగా వెళ్ళి రాజాబాబుకి ఉన్నదున్నట్టు చెప్పాడు. కొన్నాళ్ళు తనకి నిద్ర ఉండదనీ, బట్టీ ముందు నిలబెట్టొద్దనీ, పిండి దగ్గర వేయమనీ అడిగాడు. రాజాబాబు గెడ్డం గోక్కున్నాడు.

"పిండి కలుపుతా తొంగుంటే?"

"పిండిలో పడతానండి."

"పడితే పడు. మెత్తగుంటాది, కాలవు. అయితే ఎన్నాల్లో సూత్తాను మరి. జోగులు ఒక్కడూ ఎంతకని లాగుతాడు?"

అనుకున్నంత సులువుగా ఏదీ జరగలేదు. మొదటిరోజు ఝాన్సీని మంచం పక్కన పుస్తకంతో కూర్చోబెట్టి గట్టిగా చదవమన్నాడు. పెదాలు కదిలాయి. "వినబళ్ళేదు" అన్నాడు కళ్ళు మూసుకునే. మళ్ళీ కదిలాయి. పుస్తకం దారి కాదని అతనికి తెలిసింది.

"ఏవమ్మా, ఆ గంపలో ఏటున్నాయి?" అన్నాడు.

పిల్ల తలుపు దగ్గరున్న నానమ్మ వైపు చూసింది. "కవళ్ళు" అంది, చెవిలో చెప్పినట్టు.

"కంపు కొడతన్నాయి."

"కొట్టవు."

"కొడతన్నాయి. నిన్నటివి."

"పొద్దున పడ్డవి" అంది ఝాన్సీ, కొంచెం గట్టిగా.

"ఏ పొద్దున? పోయిన్నెల పొద్దునా?"

"నీ ముక్కే కంపు" అంది ఝాన్సీ. ఆ మాట గది నాలుగు గోడలకీ తగిలింది. పిల్ల తనే బెదిరి నోరు మూసుకుంది. అచ్చియమ్మ గుమ్మంలో కొంగు కొరికింది. పరదేశి కళ్ళు తెరవలేదు. "అదీ" అన్నాడు. "ఇంకా రేటు సెప్పలేదు."

అలా రోజూ బడివేళ దాకా మంచం మీద పడుకుని చేపల బేరమాడేవాడు. కొన్నాళ్ళకి బేరం ఊరంత పెద్దదైంది. నిద్ర మాత్రం రాలేదు. కళ్ళు మూసుకున్న కాసేపటికి మంచం పక్కన గొంతు వినబడేది.

"నాన్నా, తొంగున్నావా?"

"తొంగున్నానమ్మా."

"తొంగున్నోలు మాటాడరు."

"మరి అడుగుతావేటి?"

"తొంగున్నావో లేదో అని."

పిండి దగ్గర తల వాలితే జోగులు మొహాన నీళ్ళు కొట్టేవాడు. ఒకసారి నిజంగానే మోచేతుల దాకా పిండిలో దిగబడి తూగాడు. రాజాబాబు చూసీ చూడనట్టు వెళ్ళిపోయాడు. ఇంకెన్నాళ్ళు చూడకుండా ఉంటాడో పరదేశికి తెలియదు. ఇంటికెళ్ళి మళ్ళీ మండ కట్టమంటే అమ్మ ఒక్క క్షణంలో కడుతుంది. పిల్ల కూడా ఒక్క క్షణంలో వేలు పెదాల మీద పెట్టుకుంటుంది. ఆ రెండోది తలచుకుని ఊరుకునేవాడు.

నిద్ర ఎలా వచ్చిందో అతనికి తెలియదు. ఎప్పుడు వచ్చిందో కూడా తెలియదు. పిల్ల పుస్తకం పట్టింది. గుణింతాలు చదివేది, తలుపులు అదిరేలా. క, కా, కి, కీ. మొదట్లో ప్రతి అక్షరం అతని నుదుటి మీద సుత్తిలా పడేది. తర్వాత తర్వాత అది దూరం జరిగింది, పల్లెలో పడుకున్నప్పుడు దూరపు పొలంలో పిట్టలు తోలే కేకల్లాగ. అక్కడ పిల్లలు అరుస్తున్నారంటే చేను భద్రంగా ఉన్నట్టు. ఇక్కడ ఝాన్సీ అరుస్తోందంటే ఇల్లు భద్రంగా ఉన్నట్టు. ఆ ధైర్యం మీద కళ్ళు వాలిపోయేవి. ఆ తర్వాత అతను ఏ గుణింతమూ చివరిదాకా విన్నది లేదు. మళ్ళీ బట్టీ ముందుకి వెళ్ళాడు. జోగులు ఇప్పుడు నీళ్ళచెంబు తన కోసం ఉంచుకున్నాడు.

బళ్ళో మాట రావడానికి ఇంకా ఆలస్యమైంది. ముందు అందరితో కలిసి ఎక్కాలు చెప్పేటప్పుడు వచ్చింది. ఒక్కర్తీ లేచి చదవడం మరుసటేడు. పక్కన కూర్చునే పిల్లలు ఇంకా మెల్లగా వచ్చారు. గుమ్మం మీద మండ లేకపోయినా తల్లుల మనసులో ఉంటుంది కదా. మొదట వచ్చి కూర్చున్నది బట్టలుతికేవాళ్ళ పిల్లే.

రెండువేల రెండులోనో మూడులోనో ఒక సాయంత్రం పరదేశి లేచేసరికి గుమ్మం ముందు ఎవరో కలబడినట్టు మట్టి రేగి ఉంది. వీధిలో జనం ఇంకా నిలబడి నవ్వుకుంటున్నారు.

"ఏటయింది?" అని దుర్గని అడిగాడు.

"ఇంకేటవాలి" అంది దుర్గ. "సంతకి తోలుకెల్తున్న గేదె తాడు తెంపుకుని మనింట్లోకొచ్చీసింది. నీ మంచం కాడ నిలబడి నీ తువ్వాలు నవిలీసింది. ఊరంతా అరిసినారు. నువ్వు అటు తిరిగి తొంగున్నావు."

"అబద్దం."

"అబద్దవేటి? తువ్వాలేదీ?"

తువ్వాలు లేదు. అచ్చియమ్మ గుమ్మంలోంచి, "సచ్చిపోనావనుకున్నాన్రా" అంది కోపంగా.

"నాను సెప్తాను, నాను సెప్తాను" అంటూ ఝాన్సీ వచ్చింది. పదేళ్ళ పిల్ల. చేతిలో ఇంకా కంచం ఉంది, గేదెని అదిలించడానికి వాయించిన కంచం. "మొదట్నుంచి సెప్తాను. ముందు అప్పయ్యమ్మవ్వ గంప దించింది కదా..."

పరదేశి మొహం కడుక్కుంటుంటే చెప్పింది. గంజి తాగుతుంటే చెప్పింది. గేదె ఎలా చూసిందో చూసి చూపించింది. సంత మనిషి ఎలా జారిపడ్డాడో పడి చూపించింది. వరసలో మూడో ఇంటివాళ్ళు కూడా చెయ్యి ఆపి వింటున్నారు. బేకరీకి వేళైపోతోంది. రేపు కొండ మీద సంత, రేకులు రెండింతలు ఎక్కించాలి. పరదేశి సైకిలు బయటికి తీశాడు. ఝాన్సీ హ్యాండిలు పట్టుకుని పక్కనే నడుస్తూ చెబుతూనే ఉంది. కథలో గేదె ఇంకా గుమ్మం దాటలేదు. బలిఘట్టం మలుపు వచ్చింది. మలుపు దాటింది. బజారు వైపు రాజాబాబు బట్టీ పొగ అప్పటికే లేస్తోంది.

పరదేశి సైకిలు ఎక్కలేదు.

"ఆ తర్వాత?" అన్నాడు.